గవర్నరు చేతిమెత్త

ఫ్రెంచి గవర్నరు మోచెయ్యి ఆన్చి కూర్చున్న మెత్త చిరిగిపోతే, దాన్ని విప్పి, లోపల కొత్త పీచు కూరి, పైన మళ్ళీ తోలు లాగి కుట్టిన మనిషి ఈ దేశం మొత్తం మీద నేనొక్కణ్ణే. ఈ మాట నెల్లూరులో మావాళ్ళ పెళ్ళిళ్ళకి పోయినప్పుడల్లా, రెండో వరసకి ఆకులు వేసేలోపు, చుట్టూ కూర్చున్నవాళ్ళకి చెబుతూ వచ్చాను. విన్నవాళ్ళు నోరు తెరిచేవాళ్ళు. కొందరు నా కుడిచెయ్యి పట్టుకుని తిప్పి చూసేవాళ్ళు, గవర్నరు ఆనవాలు ఏమైనా అంటుకుందేమోనని.

ఇప్పుడు కాగితం మీద పెడుతున్నాను గనక కొంచెం ఒళ్ళు దగ్గర పెట్టుకోవాలి. పందిట్లో అన్న మాట సాంబారు వాసనతోపాటే పోతుంది. అచ్చులో పడ్డది పోదు. కాబట్టి ముందుగానే కొంత తగ్గిస్తాను. కుట్టింది నేనొక్కణ్ణే అనడం పూర్తిగా నిజం కాదు. తక్కినదాంట్లో ఎంత తగ్గించాలో పోయేకొద్దీ చూద్దాం.

నా ధైర్యానికి కారణం కూడా చెప్పేస్తాను. నా భార్యకి తెలుగు చదవడం రాదు. పుదుచ్చేరిలో తరాలుగా ఉన్న తెలుగు వ్యాపారుల ఇంటి పిల్ల. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, కాన్వెంటులో ఫ్రెంచి. మూడు భాషల్లో నన్ను తిట్టగలదు గానీ, తెలుగు అక్షరాలు చూపిస్తే జంతికలు పరిచినట్టున్నాయంటుంది. అందుకని ఈ ఇంట్లో నేను తెలుగులో ఏం రాసినా అడిగేవాళ్ళు లేరు.

పెళ్ళయిన కొత్తలో నేను పుదుచ్చేరిలోనే, సేదరపేట్ రోడ్డులో ఒక ఫ్యాక్టరీలో పనిచేసేవాణ్ణి. స్టోర్సు ఇన్‌ఛార్జినని మావాళ్ళకి ఉత్తరం రాశాను. లోపలికొచ్చే లారీని చూసి ఒకసారి, బయటికెళ్ళే లారీని చూసి ఒకసారి తలూపడం ఆ ఉద్యోగం. కాపురం ఉప్పళంలో, మామ ఇంట్లోనే. ఇల్లరికమా అని ఎవరైనా అడిగితే, కాదు, అద్దె ఇల్లు వెతుకుతున్నామని చెప్పేవాణ్ణి. మా పెద్దవాడు బడికి పోయే వయసు వచ్చేదాకా వెతుకుతూనే ఉన్నాం.

మామకి బజారులో నూలుబట్టల కొట్టు. పొట్టిగా, గట్టిగా, తక్కువ మాటలతో బతికిన మనిషి. ఎవరి పేరు చివరా ‘గారు’ తగిలించే అలవాటు ఆయనకి లేదు. కలెక్టరైనా సరే, ‘కలెక్టరు వచ్చినాడు, కలెక్టరు పోయినాడు’, అంతే. ఈ సంగతి గుర్తుంచుకోండి, నాకు అప్పుడు గుర్తులేకపోయింది.

ఆయన దగ్గరొక నల్ల కారు ఉండేది. ఫ్రెంచివాళ్ళు ఊరు వదిలి ఓడలెక్కే కాలంలో ఒక దొర దగ్గర కొన్నది. ముందు పొడుగాటి ముక్కు, వెనక గూని. కడిగి ఎండలో నిలబెడితే చెరువులోంచి లేచిన గేదెలా మెరిసేది. ఎప్పుడో గానీ షెడ్డులోంచి బయటికి తీసేవాళ్ళు కాదు. తీసినప్పుడు అల్లుణ్ణి గదా, మర్యాదగా నాకు ముందు సీటు ఇచ్చేవాళ్ళు. దాంతోపాటు స్టీరింగు కూడా ఇచ్చేవాళ్ళు. వెనక కూర్చున్న పెద్దలు ‘మెల్లగా’ అంటే మెల్లగా పోవడం, ‘ఈడ నిలుపు’ అంటే నిలపడం, దిగి తలుపు తీయడం. డ్రైవరు పనికీ అల్లుడి హోదాకీ తేడా ఏమిటంటే, డ్రైవరుకి ఆదివారం సెలవు.

వెనక సీటు నడుమ ఒక మడత మెత్త ఉండేది. పైకి నెడితే సీటు వీపులో కలిసిపోయేది. కిందికి దించితే ఇద్దరి మధ్య చిన్న అరుగులా నిలిచేది, అటొకరు ఇటొకరు చెయ్యి పెట్టుకోవడానికి. ఇంట్లో దాన్ని చేతిమెత్త అనేవాళ్ళు. కాఫీపొడి రంగు తోలు. నడుమ గుంట పడింది. ఒక అంచు చీలి లోపల కూరిన గుర్రపు వెంట్రుకలు మీసాల్లాగా బయటికి వచ్చాయి. ఒక పక్కన సన్నటి గీతలు, దువ్వెనతో గీసినట్టు. కారు మొత్తం అద్దంలా పెట్టుకున్న మనిషి ఈ ఒక్కదాన్ని ఎందుకిలా వదిలేశాడో నాకు అర్థమయ్యేది కాదు. ఒకరోజు తుడుస్తూ తుడుస్తూ అడిగాను.

మామ తలుపు పట్టుకుని నిలబడి, మెత్త వంక చూసి, “గవర్నరు ఉండేది ఈడనే, అల్లుడా” అన్నాడు.

అంతే. చెప్పులు విడిచి ఇంట్లోకి వెళ్ళిపోయాడు. చేతిలో తడిగుడ్డతో అక్కడే నిలబడి, మిగతా చరిత్ర అంతా నేనే పూర్తి చేశాను. ఆ గుంట గవర్నరు మోచేతిది. ఆ గీతలు ఆయన కోటు చేతికున్న ఇత్తడి గుండీలవి. కారు అమ్మిన దొర గవర్నరుకి కుడిభుజంలాంటి అధికారి అయివుంటాడు. ఇద్దరూ సాయంకాలం సముద్రం పక్కన ఈ కారులోనే తిరుగుతూ రాజ్యం సంగతులు మాట్లాడుకుని ఉంటారు. రాజ్యం పోయింది, మోచేతి గుంట మిగిలింది.

ఆ తర్వాత గమనిస్తే అన్నీ దానికి తగ్గట్టే కనిపించాయి. మామ కారెక్కినప్పుడల్లా ఆ మెత్తని అరచేత్తో మెల్లగా రెండుసార్లు తట్టేవాడు. తన మోచెయ్యి మాత్రం ఎన్నడూ దాని మీద పెట్టేవాడు కాదు. బజారు పెద్దలెవరైనా ఎక్కి మోచెయ్యి దించబోతే ఒక చూపు చూసేవాడు. ఆ చెయ్యి మళ్ళీ ఒళ్ళోకి వెళ్ళిపోయేది. రాజభక్తి అంటే ఇదీ అనుకున్నాను. ఫ్యాక్టరీలో అందరికీ చెప్పాను. మా మేనేజరు ఒక ఆదివారం పనిగట్టుకుని వచ్చి, మెత్తని చూసి దండం పెట్టి వెళ్ళాడు. దండం పెట్టాడని చెబుతుంటాను గానీ, నిజానికి కళ్ళజోడు సర్దుకున్నాడు. మా పక్కింట్లో ఫ్రెంచి సైన్యంలో చేసి పింఛను తింటున్న ఒక పెద్దాయన ఉండేవాడు. ఎండాకాలంలో కూడా టై కట్టేవాడు. ఆయనకి ఈ గవర్నరు సంగతి చెబితే, టై వదులయ్యేదాకా నవ్వి, నా వీపు తట్టి లోపలికి పోయాడు. ఆయన ఇంట్లో గవర్నర్లెవరూ కూర్చోలేదు గదా, కుళ్ళుకున్నాడని సరిపెట్టుకున్నాను.

ఇలా ఉండగా ఒకరోజు అన్నాల దగ్గర మామ ఒక కబురు చెప్పాడు. కారు అమ్మిన దొర ఫ్రాన్సునుంచి వస్తున్నాడట. ముసలివాడయ్యాడట. ఊరంతా ఒకసారి చూసి పోతాడట.

“కారుండాదా అని అడిగినాడు. చేతిమెత్త ఉండాదా అని అడిగినాడు” అని, మామ కంచంలో అన్నం పక్కకి జరిపాడు. “లోపల పలక విరిగింది, పీచు పోయింది. చెయ్యి పెడితే దిగిపోతాది. లోపలంతా బాగు చేపించు అల్లుడా. పైతోలు మాత్రం అట్లే ఉండాల. అది పోతే నేను ఆయనకి ఏం చూపించేది?”

మామ గొంతు అలా సన్నబడగా నేను ఎన్నడూ వినలేదు. నా భార్య కూడా మజ్జిగ పోస్తున్నదల్లా ఆగింది. ఈ ఇంటి పరువంతా ఆ తోలుముక్కలో ఉందనీ, అది నా చేతికి వచ్చిందనీ నాకు అర్థమైంది. సగం అర్థమైందనాలి, తర్వాత తెలిసినదాన్నిబట్టి.

మరునాడు స్క్రూలు విప్పి, మెత్తని పాత పంచెలో చుట్టి, సైకిలు క్యారియరుకి కట్టుకుని కోసపాళయం పోయాను. అక్కడ సీట్లు కుట్టే మేస్త్రి ఒకడు ఉండేవాడు. నోట్లో ఎప్పుడూ చిన్న మేకులు పెట్టుకుని, వాటి సందుల్లోంచి మాట్లాడేవాడు. గొప్పలు చెప్పుకోవడంలో నాకు సరిజోడు. మద్రాసులో సినిమావాళ్ళ కార్లన్నీ ఆయన కుట్టినవేనట. ఒక హీరో ఈయన కుట్టిన సీటులో తప్ప నిద్రపోడట. నేను గవర్నరు సంగతి తీసేసరికి మనిషి కొంచెం చల్లబడ్డాడు. గొప్పలో నేను పైచెయ్యి అయ్యానని లోలోపల సంతోషించాను. ఆ సంతోషమే కొంప ముంచింది.

మేస్త్రి మెత్తని ఒళ్ళో పెట్టుకుని, మేకులు ఊడబెరికి, చీలిన తోలుని రెండు వేళ్ళతో పైకెత్తి పట్టుకుని అడిగాడు: “అవసరమా సార్?”

ఈ తోలు కావాలా అని అడుగుతున్నాడు. ఎంత తెలివైన ప్రశ్న. అసలు సంగతి అదే గదా. అప్పటికి నేను తమిళం కూడా ఒకటి రెండు ముక్కలు పట్టాను. ‘చాలా’ అనడానికి ‘రొంబ’ అనాలని తెలుసు. ఆ విద్యనంతా చూపిస్తూ, “రొంబ అవసరం. రొంబ రొంబ అవసరం” అన్నాను.

మేస్త్రి నా వంక జాలిగా చూశాడు. తలూపాడు. రేపే వచ్చి తీసుకుపొమ్మన్నాడు. పని మీద ఎంత శ్రద్ధ అని మెచ్చుకుంటూ, ఈల వేసుకుంటూ ఇంటికి వచ్చాను.

మరునాడు నేను పోయేసరికి చేతిమెత్త కొట్టు ముందు బల్ల మీద ఉంది. దూరంనుంచి చూసి అరటాకేమో అనుకున్నాను. దగ్గరికి పోతే రెక్సిన్. తళతళలాడే పచ్చ రెక్సిన్, చుట్టూ తెల్లటి పైపింగు. వ్యాను సీట్లకి వేయగా మిగిలిన ముక్క అయివుంటుంది. చెయ్యి పెడితే మెత్తగా, బిగువుగా, బంతిలా పైకి లేచింది. పనిలో వంక పెట్టడానికి లేదు. వంకంతా ఏమిటంటే, అది మా మెత్త కాదు.

నేను నోరు పెగుల్చుకుని, పాత తోలు ఏదని అడిగాను. మేస్త్రి నోట్లో మేకులన్నీ అరచేతిలోకి ఉమ్మి మరీ జవాబు చెప్పాడు: “నీంగదానే సార్ సొన్నీంగ, రొంబ అవసరమ్ను?”

మీరే గదా చెప్పారు, చాలా అవసరమని. అవును, నేనే చెప్పాను. నేను చెప్పిన అవసరం వేరు, ఆయన విన్న అవసరం వేరు. మనకి అవసరమంటే కావలసింది. తమిళంలో అవసరమంటే తొందర. పాత తోలుకి నూనె పట్టించి, మెత్తబరిచి, సాగదీసి ఎక్కించాలంటే చాలా రోజుల పని. తొందరగా కావాలా అని ఆయన అడిగాడు. కొంప మునిగిపోతున్నట్టు తొందర, తొందర అని నేను మొత్తుకున్నాను. ఆ మనిషి వ్యాను పని పక్కన పెట్టి, తోలు కోసి పారేసి, నా కోసం ఒక్కరోజులో రెక్సిన్ వేశాడు. ఎవరిని తిట్టాలి?

నన్నే తిట్టుకోవాలి. ఎందుకంటే ఈ మాట నన్ను దెబ్బకొట్టడం అది మొదటిసారి కాదు. మా ఆవిడ పుట్టింటి తెలుగులో కూడా అవసరమంటే తొందరే. పెళ్ళయిన కొత్తలో నేను గబగబా అన్నం తింటుంటే, “ఏం అవసరం మీకు?” అన్నది. అల్లుడికి ఇంకో ముద్ద దండగ అంటున్నదని, ఆకు మీదనుంచి లేచిపోయాను. ఆ సాయంకాలందాకా ఎవరికీ నా కోపం ఎందుకో తెలియలేదు, నాకు ఆకలి తప్ప ఇంకేమీ తెలియలేదు. అంత అనుభవం ఉండి, కోసపాళయంలో మళ్ళీ అదే గోతిలో పడ్డాను.

తోలు ఏమైందని వెతికితే, పెద్దముక్క మేస్త్రి కూర్చునే స్టూలు మీద పరిచి ఉంది. దాని నడుమ అరచెయ్యంత కంత. ఆ కంతలోని ముక్క మేస్త్రి కుడి అరచేతికి తొడుగుగా కుట్టుకున్నాడు, లావు సూదిని నెట్టేటప్పుడు చెయ్యి గుచ్చుకోకుండా. కొత్త తోలులో ఇంత సుఖం లేదనీ, ఎవరో బాగా వాడి వాడి మెత్తబరిచారనీ మెచ్చుకున్నాడు కూడా. గవర్నరు మోచెయ్యి మేస్త్రి అరచేతికి వచ్చింది. ఇలా అధికారం చేతులు మారడం నేను చరిత్రలో ఎక్కడా చదవలేదు.

స్టూలు మీద ముక్క వెంటనే ఇచ్చేశాడు. అరచేతి ముక్క మాత్రం ఇవ్వనన్నాడు. దానికి బదులు ఇంకో మంచి తోలు తెమ్మన్నాడు. నేను వెనకా ముందూ చూడకుండా నా పెళ్ళినాటి బెల్టు ఊడదీసి ఆయన చేతిలో పెట్టి, ఒక చేత్తో ప్యాంటు పట్టుకుని, ఒక చేత్తో హ్యాండిలు పట్టుకుని, కోసపాళయంనుంచి ఉప్పళందాకా సైకిలు తొక్కాను. ఇది వినగానే అందరూ నవ్వుతారు గనక ఇలాగే చెబుతుంటాను. నేను ఆ రోజుల్లో పంచె కట్టేవాణ్ణి. ఇచ్చింది కాలికున్న చెప్పులు. ఉత్త కాళ్ళతో ఇంటికి వచ్చాను, అంతే.

మామ కొట్టులో ఉన్నాడు. దొర వచ్చేది మరునాడే. నేను వాకిట్లో సైకిలు ఆపి, క్యారియరు మీద పచ్చ మెత్త, సంచిలో రెండు తోలుముక్కలు పెట్టుకుని, లోపలికి పోవడానికి కాళ్ళు రాక నిలబడ్డాను. నా భార్య బయటికి వచ్చి చూసింది. అరుస్తుందనుకున్నాను. అరవలేదు. సంచిలోంచి తోలు తీసి, మడతలు విప్పి, ముఖం దగ్గర పెట్టుకుని వాసన చూసింది. కళ్ళు మూసుకుని ఇంకోసారి చూసింది. పరిపాలన మీద ఇంత మమకారం ఆ కాన్వెంటు చదువుదే అనుకున్నాను.

“నాయన వచ్చేలోపల కుట్టేద్దాం” అన్నది.

ఇక ఇక్కడినుంచి నేను మొదట కోసిన కోత సంగతి. పక్క వీధిలో చెప్పులు కుట్టే ముసలాయన దగ్గర తోలు పొడిచే ఆరె, వంకర సూది, మైనం పట్టించిన దారం అడిగి తెచ్చింది ఆమె. పచ్చ రెక్సిన్ ఊడదీస్తే లోపలి పని పాడవుతుందనీ, దాని మీదనే తోలు ఎక్కిద్దామనీ అన్నది ఆమె. అంచుల్లో ఎండిపోయి అప్పడంలా ఉన్న తోలుకి ఆముదం రాసి, నడవలో పడ్డ ఎండలో పెట్టి, రాసి, పిసికి, మళ్ళీ రాసి దారికి తెచ్చిందీ ఆమే. అరచేతి ముక్కని కంతలో కూర్చి, అతుకు కనపడకుండా కుట్టింది కూడా ఆమె. నేను కొంచెం లాగి పట్టుకున్నాను. ఒక పక్క అంచు మాత్రం చివరిదాకా నేనే కుట్టాను. ఇంత తగ్గించాను గదా, ఈ ఒక్క అంచు దగ్గర మాత్రం ఇక తగ్గను.

తోలు లాగేటప్పుడు నేను అటుది ఇటు తిప్పి పెట్టాను. ఆమె నా చేతి మీద కొట్టింది.

“గీతలు అటు కాదు, ఇటు. దొర కూర్చునేది ఈ పక్క.”

ఎటు పెడితే ఏమి, గుండీల గీతలే గదా అన్నాను. ఆమె నా ముఖంలోకి వింతగా చూసి, మళ్ళీ సూదిలో పడింది.

తోలు కుదించుకుపోయింది. ఎంత లాగినా ఒక మూల చాలలేదు. చీర కింద పావడా కనపడినట్టు అక్కడ పచ్చ రెక్సిన్ ఒక వేలెడు కనపడుతూ ఉండిపోయింది. మామ వచ్చి చూశాడు. అతుకుని వేలితో తడిమాడు. పచ్చ మూల చూశాడు. నేను ఆముదం చేతులు వెనక్కి పెట్టుకుని, సంజాయిషీకి మాటలు కూడబలుక్కుంటున్నాను. ఆయన అరచేత్తో రెండుసార్లు తట్టి, కాళ్ళు కడుక్కోవడానికి పోయాడు.

మరునాడు ఉదయం సముద్రం పక్కనున్న బసనుంచి దొరని ఎక్కించుకున్నాం. పతకాలు, టోపీ, పొన్నుకర్ర ఊహించుకున్నాను. గుడ్డ బూట్లు వేసుకుని, బక్కగా, ఎండకి ఎర్రబడ్డ ముసలాయన ఒకడు వచ్చాడు. గవర్నరుకి కుడిభుజం కాదు గదా, రేవు దగ్గర సుంకాల ఆఫీసులో గుమాస్తాగా చేశాడని ఆ తర్వాత తెలిసింది. నా భార్య ముందు సీటులో నా పక్కన కూర్చుంది. మామ, దొర వెనక. మధ్యలో చేతిమెత్త. కారంతా ఆముదం వాసన.

నేను అద్దంలో చూస్తూనే ఉన్నాను. రోడ్డు మీద ఎవరినీ గుద్దకపోవడం నా గొప్ప కాదు. దొర మెత్తని చూసి మాట ఆపేశాడు. మోచెయ్యి పెట్టలేదు. అరచెయ్యి పెట్టాడు. గీతల మీద వేళ్ళతో మెల్లగా రాశాడు. తర్వాత, అచ్చం మామలాగే, రెండుసార్లు తట్టాడు.

“గువెర్నర్” అన్నాడు.

“వుయ్” అన్నాడు మామ, అవునన్నట్టు తలూపి. “గువెర్నర్.”

ఫ్రెంచిలో నాకు అర్థమైన మాట అదొక్కటే. అదొక్కటి చాలదా? దొర కళ్ళు తుడుచుకున్నాడు, ఆముదం చేత్తోనే, దాంతో ఇంకా నీళ్ళు కారాయి. రాజ్యం పోయి ఇన్నేళ్ళయినా గవర్నరు కోసం కన్నీళ్ళు పెట్టే గుమాస్తా! మన దగ్గర పైఅధికారి బదిలీ అయితే టీ పార్టీలో కూడా కళ్ళు తడవవు. నేను కూడా ముక్కు చీదాను. హారను కొట్టి కప్పిపుచ్చుకున్నాను.

అంతలో దొర చేతికి ఆ చాలని మూల తగిలింది. అంచు కొంచెం ఎత్తి కింద పచ్చదనం చూశాడు. మామ వంక చూశాడు. మామ అద్దంలో నా వంక చూశాడు. నేను రోడ్డు వంక చూశాను. దొర ఏదో అన్నాడు. మామ నవ్వాడు. పెద్దగా, పొట్ట కదిలేలా. నా పక్కన నా భార్య కూడా వెనక్కి తిరిగి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. ఏమన్నాడని అడిగితే, “బాగుండాదంటా ఉండాడు” అన్నది.

అదీ కథ. దొర వెళ్ళిపోయాడు. మామ కూడా కొన్నేళ్ళకి వెళ్ళిపోయాడు. కారు ఇనుము కింద పోయింది, మెత్త మాత్రం ఇప్పటికీ మా ఇంట్లో ఒక కుర్చీ మీద ఉంది. నేను దాని మీద మోచెయ్యి ఆన్చుకునే ఇది రాశాను. ఫ్రెంచి గవర్నరు మోచెయ్యి, దాని మీద నా మోచెయ్యి.

ఇక్కడ ఆపి, కలం మూసి, మొన్న మధ్యాహ్నం కాఫీ వేళకి ఒక పొరపాటు చేశాను. ఏం రాస్తున్నారని ఆమె అడిగితే, ఊరికే ఉండక, మొదటినుంచి చివరిదాకా చదివి వినిపించాను. ఆమె చేతిలో గ్లాసు పట్టుకుని, ఎక్కడా అడ్డు రాకుండా, మొత్తం విన్నది. కాఫీ చల్లారిపోయింది.

“ఎవురి మోచెయ్యి?” అన్నది.

గవర్నరుది, అన్నాను.

“గవర్నరు కుక్క కదా.”

నాకు అర్థం కాలేదు. గవర్నరుకి కుక్క కూడా ఉండేదా అన్నాను.

“గవర్నరుకి కుక్క కాదండీ. కుక్క పేరే గవర్నరు. దొర పెంచిన కుక్క. ఓడలో తీసుకొని పోయేదానికి కాలేదు, మా నాయన దగ్గర విడిచిపెట్టినాడు. అది కారులోనించి దిగితే కదా? పొద్దంతా వెనక సీట్లో ఉండేది, ఆ మెత్త మీద గడ్డం పెట్టుకొని. ఆ గీతలు దాని గోళ్ళవి. నేను బడినించి వస్తానే పోయి దాని పక్కన కూర్చొనేదాన్ని. మెత్త మీద తల పెట్టుకొనే ప్రాణం విడిచింది. మా నాయన మీకు ఏమని చెప్పినాడు? గవర్నరు ఉండేది ఈడనే అన్నాడా, ఉండేవాడు అన్నాడా?”

ఉండేది అన్నాడు. నేనే రాశాను, పైన ఉంది. తెలుగువాణ్ణి, తెలుగులో రాసేవాణ్ణి, ‘ది’కీ ‘వాడు’కీ మధ్య ఇన్నేళ్ళు గవర్నరుని పట్టుకుని వేలాడాను. పెళ్ళిపందిళ్ళలో ఇంతకాలం చెబుతుంటే పక్కనే కూర్చుని విన్నావు గదా, ఒక్కసారైనా ఎందుకు చెప్పలేదని అడిగాను.

“మీకు తెలుసనుకొంటిని. మీరు చెప్పేదంతా కోతలే కదా, ఇదీ అందులో ఒకటి అనుకొంటిని. జనాలు సంతోషంగా వింటా ఉండారు, సుమ్మా, ఊరికే ఉంటిని.”

మరి ఆ రోజు పచ్చ రెక్సిన్ చూసి దొర ఏమన్నాడన్నాను.

ఆమె నవ్వింది, కారులో నవ్వినట్టే, కొంగు అడ్డం పెట్టుకుని. “గడ్డి మీద పండుకొనేది దానికి చానా ఇష్టం, మీ అల్లుడు దాని కింద గడ్డి పరిచినాడే అన్నాడు.” చల్లారిన కాఫీ పట్టుకుని లేచింది. వంటింటి గడప దగ్గర నిలబడి వెనక్కి తిరిగింది.

“ఇంగొకటి. ఒక పక్క అంచు నేనే కుట్టినానని రాసుకొన్నారే, అది కొట్టేయండి. నాలుగు పక్కలా కుట్టింది నేను. మీరు పట్టుకొనింది ఆముదం గిన్నె.”